విశాఖపట్టణపు పాచికల పెట్టె

విశాఖపట్టణమనగానే నేటివారికి రేవును, ఉక్కు కర్మాగారమును తలపునకు వచ్చును. రేవును 1933లో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభించినాడు. ఉక్కు కర్మాగారమునకు 1971లో ఇందిరాగాంధి శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసినాడు. ఈ రెండును లేని కాలమున, ఓడలు తీరమునకు దూరముగా లంగరు దించి పడవలతో సరుకు చేరవేసికొను దినములలోనే, ఆ పట్టణపు పేరు లండను ధనికుల ఇండ్లలో వినవచ్చుచుండెను. అందులకు కారణము ఇనుము కాదు, ఏనుగు దంతము.

దంతపు పనిచేయు కంసాలులు అచ్చట కుర్చీలు, వ్రాతబల్లలు, నగల పెట్టెలు, తేయాకు పెట్టెలు చేసి అమ్ముచుండిరి. వారు చేసిన వస్తువులలో ఆటపెట్టె యొకటి విచిత్రమైనది. అది నడుమ కీళ్ళతో మడతపడు పెట్టె. విప్పి బోర్లించినచో అరువదినాలుగు గళ్ళ చదరంగపు పలక యగును. వెల్లకిల పఱచినచో లోపల ఇరువదినాలుగు సన్నని పొడవైన కోణములు కనబడును. ఈ అంచున పండ్రెండు, ఆ అంచున పండ్రెండు. కొన్నిటిని రెండు గ్రంథములు జతగా నిలిపినట్లు, వీపుకట్టుతో సహా, చేసిరి. గ్రంథాలయపు బీరువాలో నుంచినచో గ్రంథపాలకుడు సైతము మోసపోవును. తెఱచినపుడు గాని అందు పుటలు లేవని తెలియదు!

వెలుపలి ఆట మనకు తెలిసినదే. లోపలి ఆట పేరు బ్యాక్‌గామన్. మన పల్లెలలో దీనిని ఎఱిగినవారు అరుదు. కాని అష్టాచెమ్మ యాడిన ప్రతివారికిని దీని మర్మము సగము తెలిసియే యున్నది. ఇద్దరు ఆటగాండ్రు, ఒకరికి పదునైదు తెల్లకాయలు, ఒకరికి పదునైదు నల్లకాయలు. రెండు పాచికలు వేసి, పడిన పందెముకొలది కాయలను ఇండ్లవెంబడి నడుపవలెను. ఇరువురి నడకలు ఎదురెదురుగా సాగును. ఒక యింట ఒంటరిగా చిక్కిన కాయను ఎదిరి చంపవచ్చును. చచ్చిన కాయ మొదటినుండి రావలెను. ఒకే యింట రెండు కాయలు జతగూడి నిలిచినచో ఆ యింటికి ఎదిరి రాజాలడు. కాయలన్నియు తన చివరి ఆఱు ఇండ్లకు చేరిన పిమ్మట వానిని ఒక్కొక్కటిగా పండించుకొనవలెను. ముందు పండించినవానిది గెలుపు. గవ్వలకు బదులు పాచికలు, నాలుగు దిక్కుల గడులకు బదులు రెండు వరుసల ఇండ్లు, భేదమింతే. మన పెద్దలు సొగటాలనియు, పగడసాల యనియు చెప్పుకొన్న ఆటలకు ఇది దూరపు బంధువు.

చదరంగమును ఈ ఆటను ఒకే పెట్టెలో నిమిడ్చిన కంసాలి, తెలిసియో తెలియకయో, ఒక పురాతన వివాదమునకు రాజీ కుదిర్చినాడు. ప్రాచీన పారసీక భాషయగు పహ్లవిలో ఒక చిన్న గ్రంథమున్నది. దాని కథ యిది. పారసీక చక్రవర్తి ఖుస్రో అనూషీర్వానుని కొలువునకు హిందూదేశపు రాజొకడు చదరంగపు పలకను పంపి, దీని మర్మమును విప్పుడు, లేదా కప్పము కట్టుడని కబురుచేసెను. మంత్రి బుజుర్గ్‌మిహ్రుడు దాని మర్మమును విప్పుటయే గాక, బదులుగా తాను నర్దు అను క్రొత్త ఆటను కల్పించి హిందూదేశమునకు కొనిపోయెను. ముప్పది కాయలు మాసమునందలి ముప్పది దినములవలె. తెల్లనివి పదునైదు పగళ్ళు, నల్లనివి పదునైదు రాత్రులు. మన పండితులు దాని మర్మము తెలియక ఓటమిని ఒప్పుకొనిరట. కథ చెప్పినవారు పారసీకులు గనుక గెలుపు వారిదే యగుట సహజము. ఫిరదౌసి సుమారు 1010లో ముగించిన షానామాలోను ఈ కథ కలదు. ఆ నర్దే కాలక్రమమున పడమటికి వ్యాపించిన ఈ ఆటకు దగ్గఱి రూపము. అనగా, చదరంగము మన కానుక, నర్దు వారి ప్రతికానుక. రెండును విశాఖపట్టణపు పెట్టెలో ఒకదానివెనుక నొకటి చేరినవి.

ఈ జాతి ఆటలకు మూలములు ఇంకను లోతున నున్నవి. ఇరాకు దేశమునందలి ఊరు నగరపు రాజసమాధులలో లెనార్డ్ వూలీ త్రవ్వకములు జరిపినపుడు, 1920 తరువాతి దశకమున, సుమారు 4600 ఏండ్లనాటి ఆటపలకలు దొరకినవి. ఆ తీరు ఆట నియమములు క్రీస్తుకు పూర్వము 177 ప్రాంతపు ఒక మట్టిపలకపై వ్రాసియుండగా బ్రిటిషు మ్యూజియమునందలి ఇర్వింగ్ ఫింకెల్ వానిని చదివి వివరించినాడు. రోమనులు తబులా అను ఆటను ఆడిరి. క్రీ.శ. 474 నుండి 491 వఱకు ఏలిన జీనో చక్రవర్తికి ఒకనాడు ఎంత దుష్టమైన పందెము పడెననగా, చక్కగా అమరియున్న అతని కాయలు చెదరి ఎనిమిది ఒంటరిపాలయ్యెను. అగాథియాసు అను కవి మఱుసటి శతాబ్దిలో దానిపై పద్యము చెప్పినాడు. రాజ్యము నిలిచినదో పోయినదో ఎఱుగనివారును ఆ చెడుపందెమును నేటికి చెప్పుకొనుచున్నారు. తబులా అను ఆ మాటయే అరబ్బుదేశములలో తావ్లాగా నిలిచినది. ఈజిప్టు, లెబనాను కాఫీ దుకాణములలో నేటికిని ఆ పేరుతోనే ఆడుదురు.

మనవారు పాచికలకు క్రొత్తవారు కారు. ఋగ్వేదమున జూదరి మొఱ యొకటి కలదు. ఆనాటి పాచికలు తాండ్రకాయలు. భారతమున సభాపర్వపు జూదమును ఎఱుగని తెలుగువాడు లేడు. నాటకములు, చలనచిత్రములు శకునిచేతి పాచికలను ప్రతి యింటికి చేర్చినవి. అందువలన పాచికయనగానే మోసమను తలంపు మనలో నాటుకొన్నది. కాని అదే భారతమున, అరణ్యపర్వమున, పాచికలకు మఱియొక ముఖమున్నది. దానిని చెప్పువారు తక్కువ.

జూదమున సర్వస్వము కోల్పోయిన నలుడు బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని సారథియై విదర్భకు రథము తోలుచుండెను. త్రోవలో ఒక తాండ్రచెట్టు కనబడగా, దాని కొమ్మలయందలి ఆకులు, కాయలు ఇన్నియని ఋతుపర్ణుడు రథముననుండియే చెప్పెను. నలుడు నమ్మలేదు. రథమును ఆపి, చెట్టును కూల్చి, లెక్కించి చూచెను. లెక్క సరిపోయెను. ఇది ఎట్లు సాధ్యమని యడుగగా, తనకు అక్షహృదయము తెలియునని ఋతుపర్ణుడు చెప్పెను. అశ్వహృదయమునకు మాఱుగా నలుడు ఆ విద్యను నేర్చుకొనెను; తత్క్షణమే కలి అతనిని విడిచెను. పిమ్మట పుష్కరుని ఒకే పందెమున గెలిచెను. ఇచ్చట గమనింపదగిన విషయమేమనగా, పాచికల విద్యయును, చెట్టుపై కాయలను ఎంచు విద్యయును ఒక్కటేయని కథకుడు ఎంచినాడు. శకుని విద్య కపటము. ఋతుపర్ణుని విద్య గణితము. సంభావ్యతా శాస్త్రపు పుట్టుకను గూర్చి 1975లో గ్రంథము వ్రాసిన ఇయాన్ హ్యాకింగ్ అను తత్త్వవేత్త ఈ కథను ఎత్తి చూపినాడు. ఐరోపాలో ఈ గణితమునకు పునాది పడినది 17వ శతాబ్దిలోనే.

ఆ లెక్క ఎట్టిదో ఈ ఆటలోనే చూడవచ్చును. రెండు పాచికలు ముప్పదియాఱు విధములుగా పడవచ్చును. ఎదిరి కాయకు ఆఱు ఇండ్ల దూరమున మీ కాయ ఒంటరిగా నున్నదనుకొనుడు. అడ్డు లేనిచో ఆ ముప్పదియాఱింటిలో పదునేడు పందెములు దానిని చంపును. అదే కాయను ఒక్క యిల్లు వెనుకకు, ఏడింటి దూరమున నిలిపినచో చంపునవి ఆఱు మాత్రమే. ఒక్క యింటి యెడముతో ప్రమాదము మూడవవంతునకు దిగినది! ఇది తెలిసినవానికిని తెలియనివానికిని పడు పాచికలు సమానమే. నూఱు ఆటలాడిన పిదప ఫలితములు సమానముగా నుండవు.

ఇక మరల పట్టణమునకు వత్తము. డచ్చివారు భీమునిపట్టణమునను, ఇంగ్లీషు కంపెనీవారు విశాఖపట్టణమునను 17వ శతాబ్దిలో స్థావరములు ఏర్పఱచుకొనిరి. వారు వచ్చినది ముఖ్యముగా బట్టలకొఱకు. 1756లో ఈ ఊరు చూచిన మేజర్ జాన్ కార్నీల్ అచ్చటి అద్దకపు బట్టల రంగులను మెచ్చుకొని, దంతపు పొదుగుడు పనికిని ఊరు పేరుపొందినదని వ్రాసినాడు. మొదటి పద్ధతిలో నల్లచేవ, ఇరుగుడు, టేకు వంటి కఱ్ఱలలో గాడి తొలిచి దంతపు తునుకలను తీగెలుగా, పూవులుగా పొదుగుదురు. తునుకలపై సన్నని గీతలు చెక్కి, గీతలలో నల్లలక్క నింపి, తుడిచివేయుదురు. తెల్లని దంతముపై కలముతో వ్రాసినట్లు పూలరేకులు తేలును. 18వ శతాబ్దిలో మఱియొక పద్ధతి వచ్చినది. దంతమును పలుచని రేకులుగా కోసి, గంధపుచెక్క పెట్టెకు పైనంతటను తొడిగిరి. అట్టి పెట్టెలను తెఱచినపుడు నేటికిని గంధపు వాసన యుండునందురు. 19వ శతాబ్దిలో కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్ళపంది ముళ్ళు సైతము కలిపిరి. చదరంగపు గళ్ళలో నలుపునకు కొమ్మును, తెలుపునకు దంతమును వాడిన పెట్టెలు ఈ కాలపువే.

కొన్నవారు సామాన్యులు కారు. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ ఇంటి దంతపు సామాను 1781లో లండనులో అమ్మకమునకు రాగా, మూడవ జార్జి రాజు కొని రాణికి ఇచ్చినాడు. అవి నేటికి ఆ రాజకుటుంబపు సొత్తులో నున్నవి. ఏ దొర అమ్మినాడో, ఏ రాజు కొన్నాడో, ఏ యేట చేతులు మాఱినవో జాబితాలలో పొందుపఱచియున్నది. చేసినవాని పేరు రావలసిన గడిలో మాత్రము ఊరిపేరే కనబడును.

ఈ పని కొనసాగుటకు దంతము కావలెను. దంతమునకు ఏనుగు చావవలెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1986, 1991 సవరణలతో దంతపు వ్యాపారము మన దేశమున నిషిద్ధమైనది. ఇంగ్లండులో 2018లో చేసిన దంతపు చట్టము 2022లో అమలునకు వచ్చి, పాత వస్తువుల అమ్మకమునకు సైతము గట్టి హద్దులు పెట్టినది. ఈ చట్టములు మంచివే. కంసాలి నేర్పు గొప్పదే యైనను, అది అడిగిన వెల ఆటగాడు చెల్లించినది కాదు.

నేడు ఆ పెట్టెలను చూడగోరువారు లండనుకు పోనక్కఱలేదు. అంతర్జాలమున విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము తన వస్తువుల చిత్రములను, వివరములను అందఱికిని తెఱచి యుంచినది. కాని ఒక చిక్కున్నది. నేటి ఇంగ్లీషు వర్ణక్రమముతో విశాఖపట్టణమని వెదకినచో రేవు, ఉక్కు, సముద్రతీరపు హోటళ్ళు వచ్చును, పెట్టెలు రావు. కంపెనీ దొరల నాటి వంకర ఉచ్చారణలో ‘విజగపటం’ అని ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినగాని ఆ తలుపు తెఱచుకొనదు. మన ఊరిని మనము వెదకుటకు పరుల నోటిలోని పేరు కావలసివచ్చినది! మఱియొక హెచ్చరిక: పాతవస్తువుల వర్తకులు ఆ పేరును ఒక శైలికి గుర్తుగా ధారాళముగా వాడుదురు, పేరున్నంతమాత్రమున పెట్టె అచ్చటిదే యనరాదు. అమీన్ జాఫర్ 2001లో వ్రాసిన బ్రిటిషు ఇండియా, సింహళముల గృహోపకరణముల గ్రంథము ఈ విషయమున నమ్మదగిన తోడు. డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1907లో ప్రకటించిన విశాఖపట్టణ జిల్లా గెజిటీరు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను భాండాగారమున వెల లేకయే చదువదొరకును. పూర్వము దానికై చెన్నపట్టణము పోయి అనుమతిపత్రము తెచ్చుకొనవలసి యుండెడిది. నేడు గ్రంథాలయపు కంప్యూటరు ముందు కూర్చుండి ఇంగ్లీషు తెలిసిన పిల్లవానిని ప్రక్కన నుంచుకొన్నచో చాలును.

ఆటను చూచుట యొకటి, ఆడుట యొకటి. ఎదిరి లేనిదే పాచికలాట లేదు. ఆ కొఱతయును అంతర్జాలమే తీర్చినది. ఉక్కు కర్మాగారము జాతికంకితమైన 1992లోనే, ఆండ్రియాస్ ష్నైడర్ అను నాతడు ఫిబ్స్ అను పేరుతో అంతర్జాలమున తొలి బ్యాక్‌గామన్ ఆటచావడిని తెఱచినాడు. అందు పలకకు చిత్రమైనను లేదు. అక్షరములతోనే గీచిన గళ్ళు. అయినను దేశదేశములవారు అందు ఒకరితో నొకరు ఆడుచు, గెలుపోటములను బట్టి తమ స్థాయిని తెలిసికొనసాగిరి. పిమ్మట అట్టి చావళ్ళు పలు వచ్చినవి.

ఆ 1992లోనే ఐబిఎం సంస్థయందలి జెరాల్డ్ టెసారో టీడీ గామన్ అను యంత్రవిద్యను నిర్మించినాడు. అంతకు పూర్వము 1979లోనే, మాంటికార్లోలో, హాన్స్ బెర్లినర్ చేసిన యంత్రము నాటి ప్రపంచ విజేత లుయీజి విల్లాను 7 కు 1గా ఓడించినది. కాని దానికి పాచికలు కలిసివచ్చినవని బెర్లినరే ఒప్పుకొన్నాడు. టెసారో యంత్రము వేఱు తీరుది. దానికి ఆట నియమములు తప్ప పెద్దల ఎత్తులను ఎవరును నూఱిపోయలేదు. అది తనతో తానే లక్షలకొలది ఆటలాడి, గెలిచినపుడును ఓడినపుడును తన అంచనాలను దిద్దుకొనుచు నేర్చినది. మొదటి పందెముననే రెండు, ఒకటి పడినచో, ముందరి యింటినుండి ఒక కాయను ఒక యిల్లు జరిపి ఒంటరిగా నిలుపుట నాటి నిపుణుల ఆచారము. యంత్రము అట్లు చేయక, వెనుకనున్న జతలో నుండి ఒక కాయను ఒక యిల్లు కదపుట మేలని తేల్చినది. నిపుణులు మొదట నవ్విరో లేదో గాని, లెక్క వేసి చూచి తమ అలవాటును మార్చుకొనిరి. ఋతుపర్ణుడు చెప్పగా నలుడు చెట్టు కూల్చి లెక్కించినట్లే యైనది.

నేడు గ్నూ బ్యాక్‌గామన్ అను ఉచిత సాధనము ఆ విద్యను ఎవరికైనను అందించును. ఆడిన ఆటను దానికి చూపినచో, ఏ యెత్తు తప్పు, ఆ తప్పు వలన గెలుపు అవకాశము ఎంత తగ్గినది, అంకెలతో చూపును. ఓడినవాడు పాచికలను తిట్టుకొనుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఈ సాధనము ఆ సాకును చాలవఱకు లాగివేయును. ఆ యంకెలు చూచి నొచ్చుకొనని ఆటగాడు ఉండడు.

అంతర్జాలపు ఆటలో డబ్బు మాత్రము పొసగదు. ఆంధ్రప్రదేశమున 1974 నాటి జూద చట్టమును 2020లో సవరించి, అంతర్జాలమున డబ్బొడ్డి ఆడుటను నిషేధించిరి. 2025లో పార్లమెంటు దేశమంతటికిని అట్టి శాసనమునే చేసినది. పందెమొడ్డని ఆటకు వానితో పనిలేదు. ధర్మరాజు ఒడ్డినవి ఏవియో ఎఱిగిన జాతికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

ఇంగ్లీషువారి ఈ ఆటకు 1743లోనే ఎడ్మండ్ హొయిల్ నియమములను పుస్తకముగా అచ్చొత్తించినాడు. విశాఖపట్టణపు కంసాలి పలకలో కోణములు పొదుగుచున్న కాలమునకే ఆ ఆటకు గ్రంథమున్నది. నేడు దాని ప్రతి యెత్తుకును అంతర్జాలమున వివరణ దొరకును. మన సొగటాల మాట అట్లు కాదు. ఆ పేరు, పగడసాల, నెత్తము అను పేర్లు నిఘంటువులలో దొరకును. 1852లో బ్రౌను దొర కూర్చిన నిఘంటువును నేడు అంతర్జాలముననే వెదకవచ్చును. మాటకు అర్థము తెలియును గాని ఆట తెలియదు. అష్టాచెమ్మ యొక ఊర అయిదు గళ్ళ పలకపై, వేఱొక ఊర ఏడు గళ్ళ పలకపై సాగును. ఒకచోట ఎదిరి కాయను ఒకదానినైన చంపనిదే లోగళ్ళకు పోనీయరు. ఇంకొకచోట ఆ కట్టడి లేదు. జతకాయలను ఒకచోట చంపవచ్చును, ఒకచోట చంపరాదు. ఈ భేదములన్నియు తెలిసినవారు గచ్చుపై సుద్దతోనో బొగ్గుతోనో గళ్ళు గీసి, గవ్వలు దొరకనిచో చింతగింజలను ఒకవైపు అరగదీసి ఆడిన ముసలమ్మలు. ఆట ముగిసిన సాయంకాలమే వారు ఆ గళ్ళను తుడిచివేసెడివారు.